దూరం నుండే చూద్దాం

ఈ పత్రికను ఒకవైపు నుండి తెరిస్తే ఉర్దూ, మరొకవైపు నుండి తెరిస్తే తెలుగు. నడుమ ఎక్కడో రెండును కలుసుకొంటవి. మన ఇండ్లలోని మాటలు కూడ ఇట్లే కలుసుకొన్నవి. 'దుర్భిణి' అట్టి మాట. పారసీకంలో 'దూర్' అనగా దూరము, 'బీన్' అనగా చూచునది. ఉర్దూలో అది దూర్‌బీన్‌గానే నిలిచినది. తెలుగు నోటిలో నలిగి దుర్భిణి అయినది. దూరాన నిలిచి చూచుటే దాని పని అని ఆ పేరే చెబుతున్నది. చేతిఫోను చేతికి వచ్చిన తరువాత మన యువకులు ఈ అర్థాన్నే మరచిపోతున్నారని నా భయం.

భయమని ఊరక అనలేదు. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పం వరకు ప్రయాణం చేసే మన విద్యార్థులకు ఏనుగుల సంగతి కొత్త కాదు. సుమారు రెండు శతాబ్దాలపాటు ఈ సీమలో ఏనుగు లేదంటారు. 1980వ దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి గుంపులు ఇటు మళ్ళినవి. 1990లో పలమనేరు, కుప్పం అడవులలో సుమారు 358 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. అభయారణ్యానికి హద్దులున్నవి గాని ఏనుగు ఆకలికి హద్దులు లేవు. చెరకు, వరి, అరటి తోటలలోనికి అవి దిగడం, రైతులు నష్టపోవడం, కొందరు ప్రాణాలే కోల్పోవడం ఏటేటా వింటున్నాము. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి అప్పగించినది. పలమనేరు దగ్గరి ముసలిమడుగు వద్ద వానికొక శిబిరం ఉన్నది. సమస్య ఎంత బరువైనదో ఈ ఒక్క విషయంతో గ్రహించవచ్చు.

ఇంత బరువైన వ్యవహారం నడుమకు మన కుర్రవాళ్ళు ఫోను పట్టుకొని పరుగెడుతున్నారు. ఊరి చివర ఏనుగు కనబడినదని తెలియగానే మోటారు సైకిళ్ళు బయలుదేరును. పంట పోయిన రైతు ఒకవైపు నెత్తి పట్టుకొని కూర్చుండగా, ఇంకొకవైపు పొలం గట్టు మీద పదిమంది చేతులెత్తి వీడియో తీయుచుందురు. చిత్రం చిన్నదిగా వచ్చినదని పది అడుగులు ముందుకు, అది కదిలిపోయినదని మరి పది అడుగులు ముందుకు. 2025 ఆగస్టులో కర్ణాటకలోని బందిపూర్ అడవి దారిలో ఒక వ్యక్తి ఏనుగుతో సెల్ఫీకి ప్రయత్నించి, అది తరుముకొని రాగా క్రింద పడి, ఎట్లో ప్రాణాలతో బయటపడినాడు. అటవీ శాఖ అతనికి 25,000 రూపాయల జరిమానా విధించినది. అతడు బ్రతికినాడు కనుక జరిమానా. బ్రతకని వారి మాట ఏమి?

'అవివేకం' అని పెద్దలు ఒక్క మాటతో తేల్చివేస్తారు. నేను అంత సులువుగా తేల్చలేను. ఆ కుర్రవాడు ముందుకు పోవడానికి ఒక కారణం అవివేకమైతే, రెండవది అతని చేతిలోని పరికరం. ఫోను కెమెరా దగ్గరి వస్తువులకు, మనుషులకు తగినట్లుగా తయారైనది. దూరపు ప్రాణిని అది మసకమచ్చగా చూపును. దూరం నుండి మంచి చిత్రం రాదని తెలిసినవాడు దగ్గరకు పోక ఏమి చేయును? కాబట్టి దగ్గరకు పోవద్దని గోడ మీద వ్రాయించడంతో చాలదు. దూరం నుండి చూచే సాధనం కూడ చేతికి ఇవ్వవలసి ఉన్నది. ఈ మాట నాకు హార్స్లీ కొండ మీద తట్టినది.

మదనపల్లెకు ఆనుకొని, నాలుగు వేల అడుగులకు పైబడి ఉన్న ఆ కొండకు కడప కలెక్టరు హార్స్లీ పేరు పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చినది. అంతకు ముందటి పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు సాకినవని ఐతిహ్యం. (ఏనుగులే లేని కాలంలో కూడ కొండ తన పేరులో ఏనుగును దాచుకొన్నది. భూగోళ శాస్త్రజ్ఞుల కంటె పామరుల జ్ఞాపకశక్తియే గొప్పదేమో.) ఆ కొండ బండల మీద పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. 1845లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. దక్షిణ భారతదేశపు రాతి గుట్టలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది లేదు. దీని ఉనికికి ముప్పు ఉన్నదని అంతర్జాతీయ జాబితాలు చెబుతున్నవి. ఉర్దూ విద్యార్థులు 'బుల్‌బుల్' అనగానే గజళ్ళను తలచుకొంటారు. గజళ్ళలోని బుల్‌బుల్ పారసీక దేశపు పాటల పక్షి, అది వేరే జాతి. మన కొండ మీది పిట్టకు గులాబీతో ప్రేమకథ లేదు. రాతి సందులో మొలచిన మర్రి పండ్లు దొరికితే దానికి చాలు.

ఒక ఆదివారం కొందరు విద్యార్థులతో కలిసి ఆ పిట్టను చూడబోయినాము. పదవీ విరమణ చేసిన ఉర్దూ సారుగారు కూడ, వద్దంటున్నా వినక, కారులో మా వెంట వచ్చినారు. చాలసేపటికి ఎదుటి బండ మీద, అరవై డెబ్బై గజాల దూరంలో, పిట్ట కనబడినది. ఫోనులన్నీ లేచినవి. తెరను వ్రేళ్ళతో సాగదీస్తే పిట్ట పెద్దదైనది కాని పిట్టగా మిగలలేదు, పసుపు మరక అయినది. 'ఇంకొంచెం దగ్గరికి పోతాను సార్' అని ఒక విద్యార్థి నా సమాధానం వినకుండానే బండ ఎక్కినాడు. పిట్ట ఎగిరిపోయినది. ఆ తరువాత అరగంటసేపు అందరము ఖాళీ బండను చూస్తూ కూర్చున్నాము. అతడు తల వంచుకొని కూర్చున్నాడు గాని, ఆ వయస్సులో నేనైనను అదే చేసి ఉందును.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకొనక తప్పదు. ఎంత ఆరోగ్యవంతుని చేయి అయినను నిశ్చలంగా ఉండదు. సెకనుకు సుమారు 8 నుండి 12 మార్లు సన్నగా వణుకుతూనే ఉండును. మామూలు చూపునకు ఆ వణుకు తెలియదు. పది రెట్లు పెద్దగా చూపే దుర్భిణిని కంటికి ఆనించగానే ఆ వణుకు కూడ పది రెట్లు పెరుగును. దుర్భిణి పిట్టను పెంచినట్లే మన లోపాన్ని కూడ పెంచును. అందుచేతనే ఎక్కువ రెట్ల దుర్భిణి కొన్నవారు తరచు నిరాశపడతారు.

ఈ వణుకును పరికరంలోనే అణచివేసే ఉపాయాన్ని ప్రతిబింబ స్థిరీకరణ అంటారు. జర్మనీలో జైస్ సంస్థ 1990లో బ్యాటరీ అక్కరలేని 20 రెట్ల దుర్భిణిని ఈ పద్ధతిలో తెచ్చినది. జపానులో కెనన్ సంస్థ 1995లో 12 రెట్ల దుర్భిణిని బ్యాటరీతో పనిచేయునట్లు తెచ్చినది. రెండవదాని లోపలి ఏర్పాటు చూడముచ్చటైనది. రెండు గాజు పలకల నడుమ పారదర్శకమైన ద్రవం నింపి, అంచులను మడతలు పడే తొడుగుతో మూస్తారు. చేయి కదిలిన సంగతిని సూక్ష్మమైన సెన్సార్లు పసిగట్టగానే ఆ పలకల మధ్య కోణం మారును. వెలుగు అంత మేరకు వంగి, ప్రతిబింబం తన చోటనే నిలుచును. ఒక మీట నొక్కితే చాలు, గాలికి ఊగే దీపశిఖకు చేయి అడ్డు పెట్టినట్లు దృశ్యం ఆగిపోవును. చేతిఫోనులలోను ఈ ఉపాయం వచ్చినది. 2012 నాటి నోకియా లూమియా 920, 2014 నాటి ఐఫోన్ 6 ప్లస్ ఈ విషయంలో పేరు పొందినవి. వానిలో ద్రవం ఉండదు. చిన్న అయస్కాంతాలు, తీగచుట్టలు కలిసి కటకాన్నే వణుకుకు ఎదురుగా జరుపును.

'ఫోనులోనే ఆ ఏర్పాటు ఉన్నప్పుడు దుర్భిణిలో మరల ఎందుకు?' అని భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి ఒకడు నన్ను అడిగినాడు. మంచి ప్రశ్న. సాధారణ దుర్భిణి కంటి కటకానికి ఫోనును బిగించి చిత్రం తీయుదుమనుకొనుము. చేయి ఒక వంతు కదిలినది. దుర్భిణి పది రెట్లది గనుక ఫోనుకు చేరిన దృశ్యం పది వంతులు కదిలినది. కాని ఫోనుకు తన ముందు దుర్భిణి ఉన్నదని తెలియదు. తాను కదిలిన ఒక్క వంతును మాత్రమే అది సరిచేయును. తొమ్మిది వంతుల కదలిక అట్లే మిగులును. కనుక పెంచే పరికరంలోనే వణుకును పట్టుకొనవలెను. స్థిరీకరణ ఉన్న దుర్భిణి తన వంతు తాను సరిచేసుకొని పంపిన తరువాత మిగిలిన స్వల్పాన్ని ఫోను చూచుకొనును.

దుర్భిణికో, టెలిస్కోపుకో డిజిటల్ కెమెరాను ఆనించి చిత్రం తీయడం కూడ నిన్న మొన్నటిది కాదు. మలేసియాకు చెందిన పక్షి పరిశీలకుడు లారెన్స్ పో 1999లో ఈ ప్రయోగం చేసి ఇతరులకు తెలిపి, ఈ పద్ధతికి ఆద్యులలో ఒకరైనారు. ఆనాడు కెమెరా వేరు, నేడు అది అందరి జేబులలో ఉన్నది.

మరల కొండ మీదికి వత్తును. మేము ఖాళీ బండను చూస్తూ ఉండగా బెంగుళూరు నుండి వచ్చిన ఒక యాత్రికుడు మా ప్రక్కన చేరినాడు. ఆయన మెడలో స్థిరీకరణ గల దుర్భిణి ఉన్నది. పిట్ట మరల వచ్చినది, ఈసారి ఇంకా దూరపు బండ మీద. ఆయన దుర్భిణిని పిల్లలకు ఒకరి తరువాత ఒకరికి ఇచ్చినాడు. చివరకు ఉర్దూ సారుగారి వైపు చాపగా ఆయన వద్దన్నారు. ఆయన చేతులు కొన్ని ఏండ్లుగా వణుకుతున్నవి. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొంటారు. అంతకు ముందు మా మామూలు దుర్భిణిని కూడ, 'నాకు చెట్లన్నీ నాట్యం చేస్తాయయ్యా' అని నవ్వుతూ త్రోసిపుచ్చినారు. పిల్లలు ఊరుకొనలేదు. ఒకడు ఆయన మోచేతిని తన భుజం మీద పెట్టించుకొన్నాడు, ఇంకొకడు మీట ఎక్కడున్నదో చూపినాడు. ఆయన నొక్కినారు. కొంతసేపు ఏమీ మాటలాడలేదు. 'సుభానల్లా' అన్నారు మెల్లగా. దుర్భిణి దించకుండానే, 'గొంతు పసుపు, వీపు బూడిద, ఏదో పండు మింగుతున్నది' అని మాకు చెప్పసాగినారు. పిట్టను అంతవరకు అంత శ్రద్ధగా మాలో ఎవ్వరమూ వర్ణించలేదు.

పెద్ద వణుకును ఈ యంత్రం పూర్తిగా మాన్పలేదు. ఆ పిల్లవాని భుజం కూడ అందులో సగం పని చేసినది. అయినను ఆ ఉదయం తరువాత దీనిని ధనికుల ఆటవస్తువు అని నేను అనలేకపోతున్నాను.

పరికరాన్ని పొగడుతూ దాని హద్దులు దాచడం న్యాయం కాదు. స్థిరీకరణ మన చేతిని ఆపును గాని ప్రాణిని ఆపదు. ఎగిరే కొంగ, తల తిప్పే జింక ఎప్పటివలెనే చెదరిపోవును. వానికి వేగమైన షట్టరు, మంచి వెలుతురు కావలెను. 10×30 అని వ్రాసి ఉన్న దుర్భిణిలో ముప్పైని పదిచే భాగించగా మూడు మిల్లీమీటర్ల వెడల్పు గల వెలుగు మాత్రమే కంటికో ఫోనుకో చేరును. ఏనుగులు తోటలలో దిగే మునిమాపు వేళ అది చాలదు. ఫోనుకు రెండు మూడు కటకాలున్నచో అది ఒకదాని నుండి మరొకదానికి తనంతట తాను మారి, తెర మీద నల్లని వలయం తప్ప ఏమీ మిగల్చదు. ప్రధాన కటకాన్ని ఎన్నుకొని, దానిని కంటి కటకానికి సరిగా నడుమ నిలుపుటకు ఒక బిగింపు పరికరం అవసరం. చేతితో ఆనించి తీయబోయి నేను ఎన్ని వలయాలు తీసినానో చెప్పను.

కొనలేనివానికి వేరొక ఉపాయం మన ఇంటిలోనే ఉన్నది. పాత గుడ్డతో చిన్న సంచి కుట్టి, అందులో మూడు వంతులు రాగులో ఉలవలో పోసి మూతి కుట్టవలెను. పొలం గట్టు మీదనో, బండ మీదనో, మిద్దె పిట్టగోడ మీదనో దానిని పెట్టి, పైన మామూలు దుర్భిణిని ఒదిగించితే వణుకు చాలవరకు పోవును. పుంగనూరు చెరువు కట్ట మీద కూర్చుండి నీటికాకులను చూచుటకు ఇంతకు మించినది అక్కరలేదు. (పుంగనూరు పొట్టి ఆవుకైతే ఈ సంచి కూడ అనవసరం. అది తానే వచ్చి మన జేబులో మూతి పెట్టును.) కాని గుంపులో నిలబడి, నడుస్తూ, ఏనుగు ఎటు మళ్ళునో తెలియని చోట సంచి పరచి కూర్చొనలేము. అక్కడ చేతిలోనే నిలిచే దుర్భిణి కావలెను. మూడు వందల మీటర్ల దూరంలోని ఏనుగు పది రెట్ల దుర్భిణిలో ముప్పై మీటర్ల దూరాన ఉన్నట్లు కనబడును. చెవి మడత, దంతపు వంపు తెలియును. మన వెనుక పరుగుకు చోటు మిగిలియే ఉండును.

ఫోను తనంతట తాను చేసే మరొక 'సహాయం' గురించి మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉన్నది. 2023లో సాంసంగ్ ఫోనులు తీసిన చంద్రుని చిత్రాలపై వివాదం లేచినది. కావాలని మసకబార్చిన చంద్రబింబాన్ని ఫోటో తీసినా, ఆ ఫోను అందులో లేని వివరాలను చేర్చినదని ఒకరు చూపించినారు. కృత్రిమ మేధతో చంద్రుని వివరాలను మెరుగుపరుస్తామని సంస్థ కూడ వివరణ ఇచ్చినది. చంద్రుడు ఒక్కడే కనుక పెద్ద నష్టం లేదు. పిట్టల సంగతి అట్లా కాదు. మసక మరకను చూచి ఫోను తానే ఈకలు దిద్దినచో, ఆ చిత్రంలోనిది మన కొండ మీది పిట్టయా, ఫోను మనసులోని పిట్టయా? దూరపు ప్రాణి చిత్రం సాక్ష్యం వంటిది. చూడనిదానిని చూచినట్లు చెప్పిన సాక్షిని మన న్యాయంలో ఏమందురో విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. గాజు తెచ్చి ఇచ్చే వెలుగు నిజమైన వెలుగు. తెరను సాగదీయగా యంత్రం ఊహించి నింపినది అటువంటిది కాదు. వెయ్యేండ్ల క్రిందట బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైతమ్ 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథంలో, వస్తువు నుండి కంటికి వెలుగు వచ్చుటయే చూపు అని ప్రయోగాలతో నిరూపింపబూనినాడు. వస్తువు నుండి రాని వెలుగును చిత్రంలో చేర్చే ఈ యంత్రాలను ఆయనకు చూపవలెనని ఉన్నది.

ఇంత పట్టుదల ఎందుకనగా, ఆ సాక్ష్యానికి నేడు విలువ ఉన్నది. 1930వ దశకారంభంలో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపిన నాటికి పక్షిని నిర్ధారించవలెనంటే తుపాకితో కొట్టి నమూనా సేకరించుట పద్ధతి. ఆ మహనీయుడు కూడ ఆ పద్ధతిలోనే పనిచేసినాడు. నేడు తేదీ, స్థలం గల ఒక స్పష్టమైన చిత్రాన్ని 'ఈబర్డ్' వంటి సంస్థకు పంపితే, మదనపల్లె విద్యార్థి చూచిన పిట్టను లోకం నమ్మును. ప్రాణి ప్రాణం పోనక్కరలేదు. అయితే అందరికీ చాటే చిత్రాలలో స్థలం తెలుపకూడని ప్రాణులు కొన్ని ఉన్నవి. నక్షత్ర తాబేలును, కుప్పం అడవులలోని దేవాంగ పిల్లిని దొంగలు వెదకుచుందురు. ఫోను చిత్రంలో మనకు తెలియకుండానే జి.పి.ఎస్. గుర్తు ఇమిడి ఉండును. వాట్సాప్ గుంపులో ఏనుగు ఉన్న చోటును చాటితే గంటలో వందమంది అక్కడ చేరుదురు. ఆ కబురు అందవలసినది అటవీ సిబ్బందికి, ఆ పొలం రైతుకు.

ఇక కమిటీ పెద్దలకు నా మనవి. స్థిరీకరణ గల దుర్భిణి ఒకటి, ఫోనును బిగించే పరికరం ఒకటి కళాశాల గ్రంథాలయానికి కొనవలెను. ధర ఎక్కువ; మామూలు దుర్భిణికి పలు రెట్లు. ఆ సొమ్ముతో పేద విద్యార్థుల ఫీజులు కట్టవచ్చును గదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆ మాట కాదనలేను. మన విద్యార్థులలో ఫీజు కట్టలేక మధ్యలో ఆగిపోయినవారి పేర్లు నాకు కంఠస్థంగా తెలుసును. ఫీజుల నిధిని ముట్టవద్దు. వార్షికోత్సవంలో ఫ్లెక్సీలకు, శాలువలకు, జ్ఞాపికలకు వెచ్చించే మొత్తంలో నుండి తీయండి. శాలువ కప్పించుకొన్నవారిలో నేనూ ఒకడిని గనుక ఈ మాట చెప్పే అర్హత నాకున్నదనుకొంటాను. రెండేండ్ల శాలువలు కలిపితే చాలవచ్చును.

కొన్న తరువాత బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. ఒక కళాశాలలో టెలిస్కోపును తనిఖీ అధికారులు వచ్చిన నాడు మాత్రమే బయటికి తీయడం కన్నులారా చూచినాను. దాని కటకానికి బూజు పట్టినది. పుస్తకం ఇచ్చినట్లే రిజిస్టరులో సంతకం పెట్టించి, ముగ్గురు నలుగురు విద్యార్థులకు కలిపి, ఒక అధ్యాపకుని పూచీ మీద వారాంతానికి ఇవ్వవలెను. ఆడపిల్లలకు కూడ వంతు తప్పక రావలెను. అభయారణ్యంలోనికి అనుమతి లేనిదే పోరాదని, గూళ్ళ దగ్గర నిలువరాదని, ఏనుగు ఉన్న పొలంలో దిగరాదని ఆ రిజిస్టరు మొదటి పుటలో రెండు భాషలలోను వ్రాయించవచ్చును. ఉర్దూ ప్రతి వ్రాయుటకు ఉర్దూ సారుగారు ఒప్పుకొన్నారు. తమ దస్తూరీ వణుకుతున్నదని, శిష్యుని చేత వ్రాయించి తాము దిద్దుతామన్నారు. దుర్భిణి వచ్చిన నాడు రిజిస్టరులో మొదటి సంతకం తమదేనని కూడ అన్నారు. ఆ గడిని వారి కొరకు ఖాళీగా ఉంచుతామని మాట ఇచ్చినాను.